సమాధానం: టికెట్టు మీద సీహెచ్ఈ అని ఉంటే చెన్నై కాదు

శ్రీకాకుళానికి టికెట్టు తీసుకుంటే దాని మీద స్టేషను కోడ్ సీహెచ్ఈ (CHE) అని ఉందని, అది చెన్నైకి ఇచ్చారేమోనని అడిగారు. కంగారు పడకండి, మీ టికెట్టు సరైనదే. సీహెచ్ఈ అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషను. ఇంగ్లీషువాళ్లు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచేవారు, ఆ పేరు నుంచి వచ్చిన కోడ్ అది. ఊరి పేరు మారినా రైల్వేవారు దాన్ని అలాగే ఉంచేశారు. చెన్నై సెంట్రల్ కోడ్ ఎమ్ఏఎస్, మద్రాసు నాటిది.

అసలు జాగ్రత్త వేరే ఉంది. ఈ స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కోస్తా వెంట లైను వేసినప్పుడు పట్టాలు అటుగా సాగాయి. పేరు చివర ‘రోడ్డు’ అని ఉంటే ఊరు దూరమని అర్థం చేసుకోవాలి! ఇక్కడ ఆ దూరం దాదాపు 13 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. అరసవల్లికి వెళ్లాలన్నా దిగవలసింది ఇక్కడే. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందే చూసుకోండి.