జాతీయ ఉద్యానంలో పరిశోధనకు బయలుదేరుతున్న మేనకోడలికి

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానంలో కృష్ణజింకలు ఏమేం తింటున్నాయో పరిశోధించాలనుకుంటున్నానని, పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని ఫోనులో అడిగావు. నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు గనుక తీరికగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు అనుమతి. జాతీయ ఉద్యానంలో పరిశోధన చేయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. సందర్శకుల టికెట్ కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. నీ పరిశోధనా గైడు సంతకంతో, విశ్వవిద్యాలయం ద్వారా సైఫాబాద్‌లోని అటవీ శాఖ కార్యాలయం అరణ్య భవన్‌కు పంపే ఆ దరఖాస్తును నీ సిద్ధాంత గ్రంథంలోని మొదటి అధ్యాయం అనుకుని రాయి. ఏ నెలలో, రోజులో ఏ వేళకు, ఎంతమంది లోపలికి వెళ్తారో, అక్కడి నుంచి ఏ వస్తువు ఎంత పరిమాణంలో బయటికి తెస్తారో అందులో ఉండాలి. నా యవ్వనంలో ఒక అభయారణ్యానికి దరఖాస్తు పెట్టినప్పుడు ‘మొక్కల పరిశీలన’ అని మాత్రమే రాశాను. మూడు వారాలు తిరిగి కాగితాల మధ్య ఆరబెట్టిన కొమ్మలన్నీ గేటు దగ్గరే ఆగిపోయాయి. సేకరణ అన్న మాట నా కాగితంలో లేదు, కాబట్టి తప్పు నాదే. జింకలు ఏం తిన్నాయో తేల్చడానికి నువ్వు వాటి పెంటికలు సేకరిస్తావు గనుక ‘పెంటికలు’ అనే స్పష్టంగా రాయి, పోల్చి చూడడానికి కోసే గడ్డి సంగతీ రాయి. జింకను పట్టి మెడకు జాడ తెలిపే కాలరు వేయాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకో. చట్టం దృష్టిలో పట్టుకోవడం కూడా వేటే. కృష్ణజింక అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది గనుక దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి దాకా వెళ్లాలి. పెంటికలతో తేలే ప్రశ్నకు ప్రాణిని బెదరగొట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

దరఖాస్తు ఉగాదిలోపే చేరాలి. గడ్డి జాతుల్లో చాలావాటిని ఎన్ను వస్తే తప్ప నమ్మకంగా గుర్తుపట్టలేం; మన ప్రాంతంలో అవి ఎన్ను వేసేది వానలు పడ్డాక, శ్రావణ భాద్రపదాల్లో. ఆ అదను తప్పితే నీకు ఏడాది పోయినట్టే.

ఇక పెంటికల పని. పేడకుప్పల దగ్గరే సేకరణ ముగించకు. మగజింకలు తమ హద్దుల్లో ఒకే చోట పదేపదే వేస్తాయి, అందువల్ల పెద్ద కుప్ప అంతా ఒక్క జింకదే కావచ్చు. అక్కడ చుక్కల దుప్పులు కూడా ఉన్నాయి. వాటి పెంటికలను చూపుతో వేరుచేయగలనని ధీమా పడకుండా, మొదట్లో జింక నీ కళ్లముందు వేసినవాటినే ఏరుకో. వేసి ఎంతోసేపు కాని పెంటిక నల్లగా, తడి మెరుపుతో ఉంటుంది, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా విడిపోయి లోపల ఆకుపచ్చ పీచు కనిపిస్తుంది. గడ్డి ఆకు పైపొరలోని కణాల అమరిక నమిలినా, అరిగినా చాలావరకు నిలిచే ఉంటుంది కాబట్టి, తెలిసిన గడ్డి నుంచి ముందుగా తయారుచేసిన స్లైడ్లతో పోల్చి సూక్ష్మదర్శినిలో జాతిని గుర్తించవచ్చు. అయితే లేత ఆకులు, మెత్తని మొక్కలు ఎక్కువగా అరిగిపోయి లెక్కకు తక్కువగా దొరుకుతాయి. ఈ లోపాన్ని నీ గ్రంథంలో దాచకుండా రాయాలి. పెంటికలోని డీఎన్ఏ ద్వారా కూడా చూడాలనుకుంటే అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వారి లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల ఉంది. సేకరణ మొదలుపెట్టకముందే నమూనాలను ఎలా భద్రపరచాలో అక్కడ అడిగి తెలుసుకో, తర్వాత అడిగితే ఉపయోగం లేదు.

నువ్వు నడిచేది ఒకప్పటి నిజాం వేట భూమి. 1975లో మహావీరుని 2,500వ నిర్వాణ వత్సరం సందర్భంగా ఆ పేరు పెట్టుకున్న, సుమారు 3,600 ఎకరాల ప్రజల ఆస్తి. అందులో నీ గుర్తులేవీ మిగలకూడదు. ఇది నేను బాధతో నేర్చుకున్న పాఠం. గడ్డి లెక్కించడానికి చదరాలు కట్టిన నైలాన్ తాడును ఒక సాయంత్రం చీకటి పడుతోందని అక్కడే వదిలి వచ్చాను. తెల్లవారి వెళ్లేసరికి ఒక దుప్పి పిల్ల వెనక కాలికి అది మూడు చుట్లు బిగుసుకుని ఉంది. వాచర్ తన తువ్వాలు దాని కళ్లమీద కప్పి, కొడవలి మొనతో ఒక్కో పోగూ కోశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి మేకులు, తాళ్లు, సంచులు లోపలికి వెళ్లేటప్పుడు లెక్కపెట్టి పుస్తకంలో రాసి, తిరిగి వచ్చేటప్పుడు అదే లెక్క సరిచూస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

బీట్ ఆఫీసరునూ వాచర్లనూ దారి చూపే మనుషులుగా మాత్రమే చూడకు. ఎండాకాలంలో జంతువులు నీళ్లు తాగే ఏ సాసర్ పిట్‌కు మంద ఎన్ని గంటలకు వస్తుందో వాళ్లకు తెలిసినంత నీకు రెండేళ్లకైనా తెలియదు. వాళ్లు చెప్పింది నోట్సులో వాళ్ల పేరుతోనే రాసుకో, ప్రచురించేటప్పుడు వాళ్లు ఒప్పుకుంటే ఆ పేర్లు వెయ్యి. నక్షత్ర తాబేలు లాంటివి కంటపడితే ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఎక్కడా బయటపెట్టకు. పెంపకానికి అమ్ముకునేవాళ్లకు అంతకంటే మంచి ఆచూకీ ఉండదు. అటవీ శాఖకు మాత్రం తెలియజెయ్యి.

పని ముగిశాక గడ్డి నమూనాలను నీ బీరువాలో ఉంచుకోకుండా విశ్వవిద్యాలయంలో ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే హెర్బేరియంలోనో, ఇక్కడే ఉన్న బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనో అప్పగించు. నీ నివేదిక ప్రతిని అటవీ శాఖకు ఎలాగూ ఇవ్వాలి. దానితోపాటు ఏ గడ్డిని కాపాడాలో, ఏ నెలలో ఎక్కడ మేత కరువవుతుందో తేట తెలుగులో రెండు పేజీలు రాసి ఆ ఉద్యానం సిబ్బందికి నీ చేతులతో ఇచ్చి, కూర్చుని చదివి వినిపించు. వాళ్లు తప్పు పడితే దిద్దుకో.

నేను తయారుచేసిన గడ్డి ఆకుల స్లైడ్లు రెండు పెట్టెలు ఇంకా చెడకుండా ఉన్నాయి. వచ్చే ఆదివారం దరఖాస్తు చిత్తుప్రతి పట్టుకుని ఇంటికి రా. ఇద్దరం కలిసి చూద్దాం, పెట్టెలు నీతో తీసుకెళ్దువుగాని.

ఆశీస్సులతో,
మామయ్య