మే ఎండల్లో నూరుమందికి చాక్లెట్ కేక్: విరగకుండా, కరగకుండా

మే నెలలో నాన్నగారి షష్టిపూర్తికి గుడ్డు లేని చాక్లెట్ కేక్ నూరుమందికి ఇంట్లోనే చేసి, తిరుపతి నుంచి చిత్తూరుకు తీసుకెళ్లాలి, ముక్క విరగకూడదు, ఎలా అని ఒకరు అడిగారు. సరిగ్గా ఆ దారిలోనే నాకు దెబ్బ తగిలింది కాబట్టి రాస్తున్నాను.

మా అన్న కూతురి మొదటి పుట్టినరోజుకి రెండంతస్తుల కేక్ చేసి, విప్డ్ క్రీమ్ పూసి, ఒళ్లో పెట్టుకుని కారెక్కాను. చంద్రగిరి దాటేసరికే క్రీమ్ చెమట పట్టినట్టు మెరిసింది. పూతలపట్టు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే పై అంతస్తు జారి నా చీర మీద పడింది. వదిన ఒక్క మాట అనలేదు. కానీ ఆ పాప మొదటి పుట్టినరోజు ఫొటోల్లో కేక్ లేదు, ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకే అంతస్తులూ వద్దు, క్రీమూ వద్దు. 9×13 అంగుళాల ట్రేల్లో పలకలా చేయండి. ట్రేకి 24 ముక్కలొస్తాయి, ఐదు ట్రేలైతే 120. ట్రే కొనే ముందు మీ ఓటీజీ (కరెంటు ఓవెన్) లోపలి కొలత చూసుకోండి.

ఒక ట్రేకి మైదా 375 గ్రాములు, చక్కెర 400, తీపి లేని కోకో పొడి 50, వంటసోడా రెండు టీస్పూన్లు, ఉప్పు ఒక టీస్పూన్. తడి సరుకు: వాసన లేని నూనె ముప్పావు కప్పు, గట్టి పెరుగు ఒక కప్పు, గోరువెచ్చని పల్చటి కాఫీ డికాషన్ ఒక కప్పు, వెనిగర్ ఒక టేబుల్ స్పూన్, కాస్త వెనిల్లా. డికాషన్‌తో కోకో రుచి బాగా తేలుతుంది, కాఫీ వాసన రాదు. పెరుగు వల్ల కేక్ దిటవుగా వస్తుంది. 180 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: ఐదు ట్రేల పిండీ ఒకేసారి కలిపేస్తారు. సోడాకి పులుపు తగిలిన క్షణం నుంచి పొంగు మొదలవుతుంది. వంతు కోసం గిన్నెలో ఆగిన పిండి ఓవెన్‌లోకి వెళ్లేసరికి పొంగు తగ్గిపోయి, కేక్ అడుగున జిగురుగా మిగులుతుంది. పొడి సరుకు జల్లించి ఐదు కవర్లలో కట్టి పెట్టుకోండి. ఒక ట్రే బయటికి వస్తుండగా తర్వాతిది కలపండి. ఉండలు పోయేదాకానే, ఎక్కువ గిలక్కొట్టొద్దు. మొత్తం నాలుగు గంటలు పైనే పడుతుంది, కరెంటు కోత వేళలు కూడా చూసుకోండి.

ముందురోజు సాయంత్రమే చేసేయండి. వేడి మీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది. పూర్తిగా ఆరాక ట్రేతో సహా ప్లాస్టిక్ రేపర్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే, పొద్దునకి మైసూర్‌పాకు ముక్కలా చేతికి నిలుస్తుంది. నూనె కేక్ కాబట్టి చల్లగా ఉన్నా గట్టిపడదు. కత్తిని ప్రతి గాటుకూ తడిగుడ్డతో తుడవండి.

పైన గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత) కూడా వద్దంటాను. చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన మే ఎండ 40 దాటుతుంది. అందం కోసమైతే ట్రేలో పిండి పోశాక జీడిపప్పు పలుకులు చల్లి ఓవెన్‌లో పెట్టండి. నాన్నగారు కోయడానికి ఒక ట్రే ముట్టుకోకుండా ఉంచి, మిగతా నాలుగూ ఇంట్లోనే కోసి, ముక్కలు కదలకుండా ట్రేల్లోనే తీసుకెళ్లండి.