పాత ఇటుక, కొత్త అరుగు

ప్రశ్న: మా తాతగారి పెంకుటిల్లు పదేళ్లుగా పాడుబడి ఉంది. గోడలు సున్నంతో కట్టినవి. ఆ ఇటుకలతో పెరట్లో అరుగు కట్టించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: నిక్షేపంగా కట్టించుకోండి. సున్నపు గోడ కావడం మీ అదృష్టం. ఉలి, చిన్న సుత్తితో తడితే ఇటుకల మధ్య అతికిన మాలు ఊడొస్తుంది. అదే సిమెంటైతే ముందు ఇటుకే విరుగుతుంది. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టి చూడండి. ఖణేల్‌మంటే ఉంచండి, బొంగురుగా మోగితే పక్కన పెట్టండి. అనుమానముంటే ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీరు పీలిస్తే వద్దు.

పునాది దగ్గరి ఇటుకలతోనే చిక్కు. నేలలోని చెమ్మతో ఉప్పు పైకెక్కి తెల్లగా పూస్తుంది. నీళ్లు మార్చి మార్చి నానబెట్టండి. ఆరాక మళ్లీ పూస్తే అరుగు లోపల నింపడానికి కూడా వాడకండి. శుభ్రం చేయడానికి యాసిడ్ అసలే పోయొద్దు.

మాలుకు సిమెంటు 1, సున్నం 1, ఇసుక 6 పాళ్లు. ఉత్త సిమెంటు మాలు బిగుసుకుపోయి మెత్తటి పాత ఇటుక అంచుల్ని చిట్లిస్తుంది. కట్టేముందు ఇటుకలు తడపాలి, లేకపోతే మాలులో నీరంతా లాగేస్తాయి. అరుగు పైభాగానికి మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉంచండి. ప్లాస్టరింగు మాత్రం చేయించకండి. అక్కడక్కడా మిగిలిన సున్నపు మరకలే దానికి అందం!