ట్రంకు పెట్టెలో ఫొటోలు 30,000కి అడుగుతున్నారు, ఇచ్చేయమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం. తాతగారు సంస్థానం కచేరీలో గుమస్తాగా చేసేవారు. ఆయన ట్రంకు పెట్టెలో 140 దాకా పాత ఫొటోలున్నాయి. ఒకటి దర్బారు గ్రూపు ఫొటో, చాలావరకు పెళ్లిళ్లవి, ఇంట్లో వాళ్లవి, కొన్ని ఎక్కడివో తెలీదు. పాత వస్తువులు కొనే ఒకాయన పెట్టె మొత్తానికి రూ.30,000 ఇస్తానంటున్నాడు, ఈ వారంలోనే తేల్చమంటున్నాడు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు రూ.65,000 కట్టాలి. రీయింబర్స్‌మెంట్ పడలేదు, కాలేజీ వాళ్లు ఆగడం లేదు. నాలుగు తులాల బంగారం ఉంది గానీ కదపాలని లేదు. నాన్నగారు లేరు, మేనత్త బొబ్బిలిలో ఉంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వారం మాత్రం ఇవ్వకండమ్మా.

ముందు ఫీజు సంగతి చూద్దాం. ఆ టెన్షన్ నెత్తిమీద ఉన్నంతకాలం ఫొటోల విలువ ఎవరికీ సరిగ్గా కనిపించదు. పెట్టె అమ్మేసినా ఇంకో 35,000 వెతుక్కోవాల్సిందే కదా. బంగారం తాకట్టు పెట్టడమంటే అమ్ముకోవడం కాదు. బ్యాంకులో ఒకటి రెండు తులాలు పెడితే ఈ ఫీజుకు సరిపోతుంది. వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకున్నా, 65,000 మీద నాలుగు నెలలకు అయ్యేది 2,200 లోపే. రీయింబర్స్‌మెంట్ పడగానే విడిపించుకోండి. వచ్చే ఏడాదీ ఇదే గొడవ ఉంటుందనుకుంటే ఇప్పుడే విద్యారుణానికి అడిగి ఉంచండి. మామూలుగా ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు.

ఆ 2,200తో మీకు నాలుగు నెలల సమయం దొరుకుతుంది. మీకు ఇప్పుడు కావలసింది అదే.

140 ఫొటోలకు 30,000 అంటే ఒక్కోదానికి రెండొందల చిల్లర. కొనేవాళ్లు అలా లెక్కేసుకోరు. వాళ్ల కన్ను రెండు మూడింటి మీదే ఉంటుంది, మిగతావి గంపగుత్తగా కలిసొస్తాయి. ఉన్నమాట చెబుతున్నాను, పెళ్లి ఫొటోలకు, కుర్చీలో తాతగారు, పక్కన నాయనమ్మ ఉన్న ఫొటోలకు బజారులో పెద్దగా ధర ఉండదు. అవి మీ ఇంటికే పెన్నిధి. వాటిని ఎంతకీ ఇవ్వకండి, ఇచ్చినా వచ్చేదేమీ లేదు.

ధర పలికేది ఊరి చరిత్ర కనబడే ఫొటోలకు. కోటలో దర్బారు, పాత రోజుల సిరిమాను ఉత్సవం, మూడు లాంతర్ల కూడలి పాత రూపు, ఆదిభట్ల నారాయణదాసు గారో ద్వారం వెంకటస్వామి నాయుడు గారో కూర్చున్న సంగీత కళాశాల గ్రూపు, బ్రాడ్‌గేజ్ కాకముందు నౌపడ నుంచి నడిచిన చిన్న రైలు, ఇలాంటివి. 1936లో ఇంగ్లండ్‌లో మన క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన మన విజయనగరం రాజకుటుంబీకుడు విజ్జీ గారు ఎక్కడైనా కనిపిస్తే క్రికెట్ వస్తువులు దాచుకునేవాళ్లు కూడా అడుగుతారు. ఎక్కడివో తెలీదన్న ఫొటోలే నాకు ఎక్కువ ఆసక్తిగా ఉన్నాయి.

ఒక్కో ఫొటోను పగటిపూట కిటికీ దగ్గరకు తీసుకెళ్లి కాస్త వాల్చి చూడండి. నల్లటి చోట్ల అంచుల్లో నీలంగా వెండి మెరుపు కనిపిస్తే అది వెండి లవణాలతో చేసిన పాత ప్రింటు కావచ్చు, చెడిపోయిందని తుడిచేయకండి. పల్చటి కాగితం అట్టకు అంటించి ఉండి, తెల్లటి చోట్లు పసుపు తిరిగి ఉంటే గుడ్డు తెల్లసొనతో చేసిన 19వ శతాబ్దపు ప్రింటు కావచ్చు. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే పుస్తకంలోంచో పత్రికలోంచో కత్తిరించిన బొమ్మ, దానికి ఫొటో ధర రాదు. అట్ట కింద స్టూడియో పేరు అచ్చొత్తి ఉందేమో చూడండి.

తర్వాత వెనక్కి తిప్పండి. వెనక సిరాతో ఊరు, ఏడాది, ఎవరెవరో రాసి ఉంటే అదే ఫొటోకి ధర మారిపోతుంది. రాసి లేకపోతే మేనత్తగారి దగ్గరకు పెట్టె తీసుకెళ్లండి. ఆ ముఖాలు గుర్తుపట్టగలిగేది ఇప్పుడు ఆవిడే. ఆవిడ చెప్పింది మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాయండి, బాల్‌పెన్ను వద్దు. తాతగారి సొత్తులో ఆవిడకూ వాటా ఉండొచ్చు. ఆ మాట పక్కన పెట్టినా, అడక్కుండా అమ్మితే చుట్టరికం చెడుతుంది. 30,000 కోసం అంత పని చేయకండి.

ఏదీ చేయి దాటకముందే అన్నీ 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఒక కాపీ ఇంటి బయట ఎక్కడైనా ఉంచండి. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఇళ్ల పైకప్పులు లేపేసిందో మనం చూశాం. లామినేషన్ జోలికి మాత్రం పోవద్దు.

అప్పటికీ రెండు మూడు అమ్మాలనిపిస్తే, ఆన్‌లైన్ వేలాల్లో అలాంటివి ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. అడిగిన ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. కనీసం ఇద్దరి చేత ధర చెప్పించండి. కొనేవాళ్లు విదేశాల్లో ఉంటే, వందేళ్లు దాటినవి పంపే ముందు పురావస్తు శాఖను అడగాలి, 1972 నాటి చట్టం ఉంది. పెద్ద మొత్తం వస్తేనే పన్ను గురించి ఆడిటర్‌ను అడగండి.

ఆయన మళ్లీ ఫోన్ చేస్తే పెట్టె మొత్తం ఇవ్వడం లేదని, విడివిడిగా ఏవి కావాలో చెప్పమని అడగండి. ఏవి అడుగుతాడో రాసుకోండి, వాటి ధర ఇంకొకరిని అడగడానికి పనికొస్తుంది. బేరం కుదిరితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే ఫొటో ఇవ్వండి, ఏ ఫొటో ఎంతకు ఇచ్చారో, స్కాన్ కాపీ మీ దగ్గరే ఉంటుందని కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి.