చీమను ఏనుగంత చేస్తే కొండలు మోస్తుందా?

"చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది కదా, అదే ఏనుగంత ఉంటే?" అని అడిగారు. కొండల సంగతి అటుంచండి, అసలు తన కాళ్ల మీద తాను నిలబడలేదు.

పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 రెట్లు పెరిగితే కాలి అడ్డుకోత వైశాల్యం 100 రెట్లే పెరుగుతుంది. బరువు మాత్రం 1000 రెట్లు! కండ బలం, కాలి గట్టిదనం ఆధారపడేది ఆ వైశాల్యం మీదే. అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా 10 రెట్ల భారం. పెద్ద జంతువుకు ఎముకలు పొడవుకు మించి లావెక్కాలని గెలీలియో 1638లోనే వివరించాడు. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉన్నది అందుకే.

ఊపిరి ఇంకో చిక్కు. చీమకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కల ఉన్న రంధ్రాల నుంచి సన్నని గొట్టాల్లో ఆక్సిజన్ చాలావరకు తనంతట తానే వ్యాపిస్తుంది. దూరం 10 రెట్లయితే దానికి పట్టే సమయం సుమారు 100 రెట్లు.

కణాలకూ ఇదే లెక్క. తిండి, ఆక్సిజన్ పైపొర గుండానే లోపలికి రావాలి. కణం అన్ని వైపులా 10 రెట్లయితే పైపొర 100 రెట్లే, అవి అందాల్సిన లోపలి భాగం మాత్రం 1000 రెట్లు. అందుకే ఏనుగు కణాలు ఎలుక కణాలకంటే మరీ పెద్దవేమీ కావు, తేడా అంతా సంఖ్యలోనే. మరి కోడిగుడ్డు పచ్చసొన ఒకే కణం కదా అంటారా? నిజమే, కానీ అందులో దాదాపు అంతా దాచిపెట్టిన తిండే. అసలు పని జరిగేది పైనున్న చిన్న తెల్లచుక్కలో.