రక్తం ‘గడ్డకట్టడం’, ‘కట్టడం’ ఒకటేనా?

సందేహం: టాన్సిల్స్ ఆపరేషన్ గురించి వ్యాసం రాస్తూ ‘రక్తాన్ని గడ్డకట్టించి రక్తశ్రావాన్ని ఆపుతారు’ అన్నాను. ‘గడ్డకట్టించి’ కుదరదని ఒక డాక్టరుగారు కొట్టేశారు. ఇందులో తప్పేముంది?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదు, అర్థంలో ఉంది. ద్రవంగా ఉన్న రక్తం ముద్ద కావడం ‘గడ్డకట్టడం’. ఉత్త ‘కట్టడం’ అంటే ఆగడం. ‘విరేచనాలు కట్టాయి’ అంటే ఆగాయనే కదా, ‘రక్తం కట్టింది’ కూడా అంతే. గడ్డకట్టినంత మాత్రాన రక్తం కట్టినట్టు కాదు.

టాన్సిల్ తీసిన గుంటనే చూడండి. దాని అడుగునున్న కండరం ముడుచుకుంటే తెగిన నాళాల మూతులు నొక్కుకుపోతాయి. గుంటలో రక్తపు గడ్డ కూర్చుంటే కండరం సరిగా ముడుచుకోలేదు, గడ్డ చాటున రక్తం ఊరుతూనే ఉంటుంది. అందుకే ఆపరేషనైన 24 గంటల లోపు మళ్ళీ రక్తం వస్తే ముందు ఆ గడ్డను తీసేస్తారు. మీ వాక్యం చదివినవారికి సరిగ్గా దీనికి ఎదురర్థం తోస్తుంది. రక్తాన్ని ఆపే మార్గాలు సంధానం (గాయాన్ని కలపడం), స్కందనం, పాచనం (భస్మంతో పక్వం చేయడం), దహనం (కాల్చడం) అని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత నాలుగు చెప్పింది. గడ్డకట్టించడం, అంటే స్కందనం, వాటిలో ఒకటి మాత్రమే.

ఈ ఆపరేషన్‌లో ఒక్కో పనికీ ఒక్కో క్రియ ఉంది. టాన్సిల్ తీయగానే గాజుగుడ్డ ఉండను గుంటలో పెట్టి కొన్ని నిమిషాలు ‘అదిమిపడతారు’. ‘ఒత్తుతారు’ అంటే చాలదు, ఒత్తి వదిలేస్తే రక్తం ఆగదు. ఉండ తీశాక ఇంకా కారే నాళం కనిపిస్తే పట్టకారులాంటి ఫోర్సెప్స్‌తో పట్టుకుని దారంతో ‘ముడివేస్తారు’. దీన్ని కుట్టు అనకండి. కుట్టంటే సూది కండలో దూరాలి, ముడి నిలవని చోట అదీ వేస్తారు. కరెంటు వేడితో నాళాన్ని మూసే డయాథర్మీకి ‘మాడ్చడం’ అనే మాట సరిపోతుంది. ‘కాల్చడం’ అంటే మంట గుర్తొస్తుంది, ఇక్కడ కరెంటు పుట్టించే వేడికి నాళం ముడుచుకుపోతుంది. ఎక్కువ మాడిస్తే చుట్టూ ఉన్న కండ కూడా చచ్చి, 5–10 రోజుల మధ్య ఆ చచ్చిన పొర ఊడేటప్పుడు మళ్ళీ రక్తం రావచ్చు.

కాబట్టి ‘నాళాలను అదిమిపట్టి, ముడివేసి, లేదా మాడ్చి రక్తస్రావాన్ని అరికడతారు’ అని రాయండి.

‘రక్తశ్రావం’ కూడా దిద్దుకోండి. స్రవించేది స్రావం, ‘శ్రు’ ధాతువుకు వినడమని అర్థం. టాన్సిల్స్‌ను ‘గవదబిళ్ళలు’ అనకపోవడం మంచిది. ఆ మాట వైరస్ వల్ల చెంపలు వాచే జబ్బుకు స్థిరపడింది, దానికి ఈ ఆపరేషన్ చేయరు.