మిషను తీసుకోలేదంటే ఎవరిని అడగాలి?

యంత్రం వల్ల నష్టం జరిగితే ఆ బాధ్యత యంత్రానిదే అనొచ్చా అని అడిగారు. అనకూడదు. మాది పలాస. మా అమ్మ ఇరవై ఏళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. జీడి జిగురు ఎంత చెడ్డదో పట్టుకున్నవాళ్లకే తెలుసు. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా వేళ్లు నల్లబడి, పొక్కి, తోలు ఊడిపోతుంది. ఇక వేలిముద్ర గీతలెక్కడివి?

ఓసారి రేషన్ డిపోలో, వేలిముద్ర చూసి సరుకులిచ్చే ఈపాస్ మిషను మీద అమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటున్నారు. "మిషను తీసుకోవట్లేదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు డీలరు. అమ్మ ఖాళీ సంచితో ఇంటికొచ్చి, "నా ఏళ్లు నావి కావంటందిరా మిసను" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వేలిముద్ర పడలేదని సరుకులు ఆపొద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. అంటే ఆపింది మిషను కాదు, మనిషి. ముద్ర పడితే రసీదు వస్తుంది. పడని రోజు మాకు చిన్న కాగితం కూడా ఇవ్వలేదు. అమ్మ డిపోకి వెళ్లిందనడానికే రుజువు లేదు, ఇంక ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం? ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ అక్కడా మిషనే.

రైళ్ల దగ్గరా ఇదే తీరు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర మా పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనక నుంచి గుద్దింది. పాడైన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర రూలు ప్రకారం ఆగాల్సింది పోయి దాటేశారని, ఆ ప్రమాదంలోనే చనిపోయిన రాయగడ బండి లోకో పైలట్, అసిస్టెంట్ పైలట్ల మీద వేశారు తప్పు. ఆ సిగ్నళ్లు ఎందుకు పాడయ్యాయి, వాటిని చూసుకోవాల్సిందెవరు అన్నది మాత్రం మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. పెద్దవాళ్లు మిషను చాటున దాక్కుంటారు, లేదంటే మిషను పక్కనున్న చిన్న ఉద్యోగి మీదకి తోసేస్తారు.

నా మటుకు ప్రతి మిషను మీదా ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు రాసి ఉండాలి. మిషను కాదన్న ప్రతిసారీ ఆ పేరుతో చీటీ రావాలి.

ఇప్పుడు అమ్మ సరుకులిచ్చే తేదీకి మూడు రోజుల ముందే పని మానేస్తోంది, వేళ్లకి కాస్త తోలు వస్తుందని. ఆ మూడు రోజుల కూలి ఎవరిస్తారు?